పక్కనే ఉన్న లంకకు అతిథిగా వెళ్దాం



శ్రీలంకకు వచ్చే విదేశీ యాత్రికుల్లో ఈ కొన్నేళ్ళుగా మొదటి స్థానం మన భారతీయులదే. వాళ్ళలో తెలుగువాళ్ళూ తక్కువేమీ కాదు. రామాయణ స్థలాలు చూడాలని పెద్దవాళ్ళు వెళ్తున్నారు. సముద్రం, కొండలు, తేయాకు తోటలు చూడాలని కొత్త దంపతులు వెళ్తున్నారు. సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని కుటుంబాలు వెళ్తున్నాయి. చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నర లోపే కొలంబో. గడియారం మార్చుకునే పని కూడా లేదు, వాళ్ళ టైమూ మన టైమూ ఒకటే.

దిగి బయటికి రాగానే కొబ్బరి చెట్లు, ఆటోలు, చీరలు, అన్నం, కూరలు. ఇదీ మన ఊరే అనిపిస్తుంది. అలా అనిపించడం మంచిదే. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. జపానుకో జర్మనీకో ప్రయాణమైతే అక్కడి పద్ధతులేమిటని నలుగురినీ అడుగుతాం. లంకకు వెళ్ళేటప్పుడు ఎవరినీ అడగం. తెలిసిన చోటే కదా అన్న ధీమా. శ్రీలంకలో మనవాళ్ళు ఇబ్బంది పడేదీ, తెలియక అక్కడివాళ్ళ మనసు కష్టపెట్టేదీ ఎక్కువగా ఈ ధీమా వల్లనే. మనకు కొత్తగా కనిపించే వాటి దగ్గర జాగ్రత్తగానే ఉంటాం. మన వాటిలాగే కనిపించే వాటి దగ్గర తప్పులో కాలేస్తాం. అందుకని ఈరోజు మీతో చెప్పదలచుకున్నది ఒక్కటే. లంక ఎంత దగ్గరగా ఉన్నా అక్కడికి అతిథిగా వెళ్దాం. ఆ అతిథి మర్యాదలేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ప్రయాణం ఏర్పాట్లు. మనం శ్రీలంకకు వెళ్ళడానికి ఈటీఏ అనే ప్రయాణ అనుమతి ఉంది. ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. రుసుము, నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. దాన్ని పోలిన పేర్లు పెట్టుకుని ఎక్కువ డబ్బు వసూలు చేసే సైట్లు ఉన్నాయి. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి.

తర్వాత కాలం. ఈ దేశం వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణ కన్నా బాగా చిన్నది. అయినా అక్కడ రెండు రుతుపవనాలు రెండు వైపుల నుంచి వర్షం తెస్తాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల కొలంబో, గాలె, కొండ ప్రాంతాలు తడుస్తాయి. ఆ నెలల్లో తూర్పు తీరంలో, ట్రింకోమలీ వైపు ఎండ కాస్తూ ఉంటుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా దక్షిణ, పశ్చిమ తీరాలు బాగుంటాయి, తూర్పు వైపు ఈశాన్య రుతుపవనాల వర్షాలు పడుతుంటాయి. అందుకని సెలవు ఎప్పుడు దొరికిందో చూసుకుని, ఏ వైపు వెళ్ళాలో అప్పుడు నిర్ణయించుకోండి. మే, జూన్ సెలవుల్లో వెళ్ళేవాళ్ళు ట్రింకోమలీ వైపు చూడటం మేలు.

చిన్న దేశమే కదా, మూడు రోజుల్లో చుట్టేయవచ్చు అనుకోకండి. కొలంబో నుంచి కాండీ నూట పదిహేను కిలోమీటర్లే. కానీ మలుపుల రోడ్డు, ఊళ్ళ రద్దీ కలిసి మూడు నాలుగు గంటలు తినేస్తాయి. కొండల్లో అయితే ఇంకా నెమ్మది. రోజుకు ఒక్క ఊరు అనుకుంటే ప్రయాణం హాయిగా సాగుతుంది.

కాండీ నుంచి ఎల్లా వైపు వెళ్ళే కొండ రైలు గురించి మీరు వినే ఉంటారు. దారి పొడవునా తేయాకు తోటలు, సొరంగాలు. ఎల్లా దాటాక 1921లో కట్టిన తొమ్మిది కమానుల వంతెన. రిజర్వేషన్ ముప్పై రోజుల ముందు మొదలవుతుంది, చూస్తుండగానే అయిపోతుంది. 2025 నవంబరు చివర వచ్చిన దిత్వా తుఫాను ఆ కొండ ప్రాంతాన్ని, రైలు మార్గాన్ని బాగా దెబ్బతీసింది. అందుకని ఏ భాగంలో రైళ్ళు నడుస్తున్నాయో కనుక్కున్న తర్వాతే టికెట్టు కొనండి. ఒక్క విన్నపం. ఫొటో కోసం కదిలే రైలు తలుపులో వేలాడకండి. చెట్ల కొమ్మలు, సొరంగం గోడలు పెట్టెకు జానెడు దూరంలో ఉంటాయి. ఆ సరదాలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

డబ్బు సంగతి. మన ఒక రూపాయికి అక్కడి రూపాయలు మూడుకు పైగానే వస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ కూడా అక్కడ పనిచేస్తోంది. లంకాపే క్యూఆర్ కోడ్ పెట్టిన దుకాణాల్లో మన ఫోనుతోనే చెల్లించవచ్చు. అయినా ఊళ్ళలో, ఆటోలకు, గుడుల దగ్గర చెప్పులు పెట్టే చోట చిల్లర నోట్లే కావాలి. ఇంకో ముఖ్యమైన మాట. సిగిరియా, అనురాధపురం, పొలొన్నరువ లాంటి చోట్ల విదేశీయుల టికెట్టు ధర ఎక్కువ. సార్క్ దేశాల వాళ్ళకు అందులో దాదాపు సగమే. దానికి పాస్‌పోర్టు చూపించాలి. హోటల్లో వదిలేసి వెళ్ళారంటే పూర్తి ధర చెల్లించాల్సిందే.

ఇక గుడి మర్యాదల దగ్గరికి వద్దాం. ఎక్కువసేపు మాట్లాడుకోవాల్సింది ఇదే.

బౌద్ధాలయానికి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పాలని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. టోపీ కూడా తీయాలని మాత్రం చాలామందికి తెలియదు. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని ఉండాలి. ఆడవాళ్ళకే కాదు, మగవాళ్ళకూ అంతే. నిక్కరు వేసుకుని వచ్చిన మగవాళ్ళను, బుద్ధుడి దంతధాతువు ఉన్న కాండీ దంతమందిరం గుమ్మం దగ్గరే ఆపేస్తారు. తెల్లటి బట్టలు వేసుకుంటే మరీ మంచిది. అక్కడి భక్తులు గుడికి తెలుపే కట్టుకుంటారు. చావు ఇంటి రంగు కూడా అక్కడ తెలుపే. దారికి అడ్డంగా, రెండు పక్కలా చిన్న చిన్న తెల్ల జెండాలు కట్టి కనిపిస్తే ఆ వీధిలో ఎవరో పోయారని అర్థం. భిక్షువు పోతే కాషాయ, పసుపు జెండాలు కడతారు. అలాంటి వీధిలో హారన్లు కొట్టుకుంటూ, పాటలు పెట్టుకుంటూ వెళ్ళకుండా డ్రైవరుకు చెప్పండి.

అనురాధపురంలో రువన్‌వెలిసాయ అనే పెద్ద స్తూపం ఉంది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో దుట్టుగామిణి రాజు కట్టించాడు. దాని చుట్టూ రాతి పరుపు. మిట్ట మధ్యాహ్నం ఆ రాళ్ళ మీద అరికాలు మోపలేం. సాక్సులు వేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అంతకన్నా పొద్దున్నే వెళ్ళడం మంచిది. ఆ వేళలో అక్కడ కాసేపు నిలబడి చూడండి. తెల్ల చీర కట్టిన పెద్దావిడ తామర మొగ్గ చేతిలోకి తీసుకుంటుంది. బయటి రేకును వేలితో వెనక్కి మడుస్తుంది, తర్వాత దాని లోపలి రేకును, దాని లోపలిదాన్ని. మొగ్గ చేతిలోనే పువ్వవుతుంది. కాసిని నీళ్ళు చిలకరిస్తుంది. రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్ళి బల్ల మీద పెడుతుంది. అంతసేపట్లో ఒక్కసారి కూడా దాన్ని వాసన చూడదు. దేవుడికి పెట్టే పువ్వు ముందు మనం వాసన చూడకూడదన్నది మనకూ ఉన్న నియమమే. అక్కడ నీలి కలువలు అమ్ముతారు, అది వాళ్ళ జాతీయ పుష్పం. నియమం తెలిసినా, పువ్వు చేతికి అందగానే ముక్కు దగ్గర పెట్టుకోవడం మనకు అలవాటు. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

స్తూపం చుట్టూ ప్రదక్షిణ మనలాగే కుడి చేతి వైపు నుంచి. కూర్చుంటే కాళ్ళు బుద్ధుడి వైపు చాపకూడదు, ముడుచుకుని కూర్చోవాలి. ఆ పక్కనే శ్రీ మహాబోధి వృక్షం ఉంది. అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ నుంచి తెచ్చిన కొమ్మ క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అక్కడ నాటుకుందని వాళ్ళ చరిత్ర చెబుతుంది. మనిషి నాటిన చెట్లలో, ఎప్పుడు నాటారో తెలిసిన వాటిలో ఇదే అతి పురాతనమైనది అంటారు. దాని ఆకు కోయరు, రాలిన ఆకును భక్తితో ఏరుకుంటారు.

ఇప్పుడు ఫొటోల సంగతి. బుద్ధ విగ్రహానికి వీపు చూపించి ఫొటో దిగకూడదు. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలా ఇబ్బందులు తప్పుతాయి. మన దగ్గర గుడి ముందు నిలబడి, దేవుడు వెనక కనిపించేలా సెల్ఫీ తీసుకోవడం తప్పుగా ఎవరూ అనుకోరు. అక్కడ అది బుద్ధుడికి అవమానం. పొలొన్నరువలో గల్ విహారం అనే చోట ఒకే రాతిలో చెక్కిన పెద్ద బుద్ధ విగ్రహాలు ఉన్నాయి. మీరు వెనక్కి తిరిగారంటే కాపలాదారు వెంటనే పిలిచి చెబుతాడు. పక్కకు తిరిగి, విగ్రహం వైపు చూస్తూ నిలబడితే ఫొటోకు అడ్డు లేదు. 2012లో ముగ్గురు ఫ్రెంచి యాత్రికులు బుద్ధ విగ్రహాన్ని ముద్దు పెట్టుకుంటున్నట్టు ఫొటోలు దిగారు. వాటిని ప్రింటు వేయించడానికి ఇచ్చిన స్టూడియోవాళ్ళే పోలీసులకు చెప్పారు. కోర్టు ఆ ముగ్గురికీ శిక్ష వేసి, అమలును నిలిపి ఉంచి వదిలిపెట్టింది. 2014లో చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉన్న బ్రిటిష్ యాత్రికురాలిని విమానాశ్రయం దగ్గర అదుపులోకి తీసుకుని వెనక్కి పంపారు. ఆమె హక్కులకు భంగం కలిగిందని 2017లో అక్కడి సుప్రీంకోర్టే తీర్పు చెప్పి పరిహారం ఇప్పించింది. కోర్టు సంగతి అలా ఉంచినా, అక్కడి జనం మనసులో బుద్ధుడి రూపానికి ఉన్న స్థానం ఏమిటో దీన్నిబట్టి తెలుస్తుంది. బుద్ధుడి బొమ్మ ఉన్న చొక్కాలు, సంచులు ఇంట్లోనే వదిలేసి వెళ్ళండి.

సిగిరియా వేరే తరహా. అది 5వ శతాబ్దంలో కాశ్యప రాజు కోట కట్టుకున్న రాతి కొండ. పన్నెండు వందల దాకా మెట్లు. పొద్దున్నే ఎక్కాలి. దారిలో చిత్రాలున్న గుహలో ఫొటోలు తీయనివ్వరు. కింద అద్దపు గోడ అని ఒకటి ఉంది. వెయ్యేళ్ళ నాటి యాత్రికులు ఆ చిత్రాలను చూసి మురిసిపోయి రాసుకున్న పద్యాలు దాని మీద ఉన్నాయి. అప్పటివాళ్ళు రాశారు కదా అని మనమూ పేరు గీయబోతే జైలే. 2015లో అక్కడి అమ్మాయే ఒకామె పేరు గీసి రెండేళ్ళ శిక్ష తెచ్చుకుంది. దేశాధ్యక్షుడు క్షమించడంతో బయటపడింది. ఇంకో జాగ్రత్త. ఆ కొండకు పెద్ద పెద్ద తేనెటీగల పట్లు ఉన్నాయి. నిశ్శబ్దంగా ఉండమని బోర్డులు పెట్టారు. గుంపుగా వెళ్ళినప్పుడు కేకలు, ఈలలు వద్దు. ఆ ఈగలు లేచాయంటే కొండ మీద పరుగెత్తడానికి చోటు ఉండదు.

భిక్షువుల దగ్గర మర్యాద గురించి రెండు మాటలు. బస్సుల్లో ముందు సీట్లు వాళ్ళకు కేటాయించి ఉంటాయి. ఖాళీగా ఉన్నా వాటిని వదిలేయండి. భిక్షువుకు కరచాలనం చేయకూడదు, చేతులు జోడించి నమస్కరించాలి. ఏదైనా ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వాలి. ఆడవాళ్ళు భిక్షువును తాకకూడదు, పక్కన కూర్చోకూడదు. ఆయన నేల మీద కూర్చుంటే మనం కుర్చీ వేసుకుని ఎత్తులో కూర్చోకూడదు.

ఇక పోయ. ప్రతి పౌర్ణమినీ అక్కడ పోయ అంటారు, అది దేశమంతటా సెలవు. ఆ రోజు మద్యం అమ్మరు, మాంసం దుకాణాలు మూసేస్తారు. గుడులు మాత్రం తెల్లటి బట్టల జనంతో కిటకిటలాడతాయి. మీ ప్రయాణం తేదీలు అనుకున్నాక పంచాంగంలో పౌర్ణమి ఎప్పుడో చూసుకోండి. మేలో వచ్చే వెసక్ పోయ వాళ్ళ పండుగలన్నిటిలో పెద్దది. వీధుల నిండా కాగితపు దీపాలు, విద్యుద్దీపాల తోరణాలు, దారిన పోయేవాళ్ళందరికీ ఉచితంగా అన్నం, పానీయాలు పెట్టే దన్సల్ అనే పందిళ్ళు. ఎవరైనా ఆ వరుసలో నిలబడవచ్చు. ఆప్యాయంగా పిలుస్తారు, వద్దనకండి. పెట్టింది పారేయకుండా తినండి. ఏప్రిల్ మధ్యలో సింహళ, తమిళ నూతన సంవత్సరం వస్తుంది. మన ఉగాది అయిన నెల రోజుల లోపే. అప్పుడు జనం సొంత ఊళ్ళకు వెళ్ళిపోతారు, హోటళ్ళు, దుకాణాలు మూతపడతాయి. ముందే ఏర్పాట్లు చేసుకోకపోతే భోజనానికి కూడా తిరగాల్సి వస్తుంది.

హిందూ ఆలయాల దగ్గరికి వద్దాం. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదట చెప్పుకునేది లంకలోని శాంకరీదేవిని. ఆ పీఠం ట్రింకోమలీలో కోనేశ్వరం దగ్గర ఉండేదని సంప్రదాయం. పాత కోనేశ్వరాలయాన్ని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు పడగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. దారి ఫ్రెడరిక్ కోట లోపలి నుంచి వెళ్తుంది. అక్కడ సైన్యం ఉంటుంది, వాళ్ళ ఫొటోలు తీయకూడదు. జాఫ్నాలో నల్లూరు కందస్వామి కోవెలలోకి మగవాళ్ళు చొక్కా విప్పే వెళ్ళాలి. జాఫ్నా దగ్గర నైనాతీవు దీవికి పడవలో వెళ్ళాలి. అక్కడ నాగపూషణి అమ్మవారి గుడి, నాగదీప బౌద్ధ విహారం రెండూ ఉన్నాయి. ఒకే పడవలో ఇద్దరు దేవుళ్ళ భక్తులూ కలిసి వెళ్తారు. దక్షిణాన కతరగమలో సుబ్రహ్మణ్యస్వామిని హిందువులు, బౌద్ధులు కలిసే కొలుస్తారు. శ్రీపాద శిఖరం మీది పాదముద్ర బౌద్ధులకు బుద్ధుడిది, హిందువులకు శివుడిది, ముస్లిములకు ఆదాముది. డిసెంబరు పౌర్ణమి నుంచి మే పౌర్ణమి దాకా అక్కడ యాత్ర కాలం. 2,243 మీటర్ల ఎత్తు. రాత్రి ఎక్కి, సూర్యోదయం చూసి దిగుతారు. పైన చలి బాగా ఉంటుంది, స్వెట్టరు తీసుకెళ్ళండి. శిఖరం మీద ఒక గంట ఉంది. ఎన్నోసారి వచ్చామో అన్నిసార్లు కొట్టడం ఆచారం. మొదటిసారి వెళ్ళినవాళ్ళు ఒక్కసారే కొట్టాలి.

రామాయణ స్థలాలకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. నువర ఎలియ దగ్గర సీతమ్మ గుడి, రాంబొడలో ఆంజనేయస్వామి గుడి తప్పక చూడండి. రావణుడి గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఎక్కడున్నారో గుర్తుంచుకోండి. అక్కడ చాలామందికి రావణుడు తమ నేలను ఏలిన గొప్ప రాజు, పండితుడు. 2019లో ఆ దేశం అంతరిక్షంలోకి పంపిన తొలి ఉపగ్రహానికి పెట్టుకున్న పేరు రావణ-1. మన భక్తి మనది, వాళ్ళ అభిమానం వాళ్ళది. డ్రైవరు ముందు, గైడు ముందు రావణుణ్ణి వెటకారం చేయడం మర్యాద కాదు.

భోజనం సంగతి శాకాహారులు శ్రద్ధగా వినాలి. అక్కడి కూరల్లో, కొబ్బరి సంబోలులో ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేస్తారు. దాన్ని వాళ్ళు చేప కింద లెక్కవేయరు, రుచి కోసం వేసే దినుసు అనుకుంటారు. అందుకని వెజిటేరియన్ అంటే చాలదు. ఉంబలకడ కూడా వద్దని పేరు పెట్టి చెప్పండి. పప్పును పరిప్పు అంటారు, పనసకాయ కూర పొలొస్. గొటుకొల ఆకుతో చేసే మల్లుం మన సరస్వతి ఆకు పచ్చడికి దగ్గర. పొద్దున్న అప్పాలు, ఇడియాప్పం. ఊరూరా సైవ కడలు ఉంటాయి, అవి పూర్తిగా శాకాహార హోటళ్ళు. అక్కడ టీ అడిగితే, అడక్కుండానే వడలు, రొట్టెలు, రోల్సు నిండుగా పేర్చిన పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్తాడు. కంగారు పడకండి. ఎన్ని తింటే అన్నిటికే డబ్బు. మిగిలినవి తీసుకెళ్ళి ఇంకో బల్ల మీద పెడతారు. అందుకే తినబోయేదాన్నే తాకాలి. అన్నీ చేత్తో పట్టుకుని చూసి వదిలేయడం ఆ తర్వాత కూర్చునేవాళ్ళకు అన్యాయం. దాహానికి నారింజ రంగు కొబ్బరి బొండం, దాన్ని తంబిలి అంటారు. చివర్లో గేదె పెరుగు మీద జీలుగు జాతి చెట్టు నీరా కాచి తీసిన పాకం పోసి ఇస్తారు. అది తినకుండా రాకండి.

ఆటో ఎక్కేముందు మీటరు వేయమనండి, లేదా పిక్‌మీ అనే అక్కడి యాప్‌లో పిలుచుకోండి. కొలంబోలో సముద్రం ఒడ్డున ఎవరైనా మాట కలిపి, ఇవాళ గుడిలో ఏనుగుల ఊరేగింపు ఉంది, ఇవాళే ఆఖరు, నేను తీసుకెళ్తానంటే మర్యాదగా వద్దని నడిచిపోండి. రత్నాల దుకాణాలు, సుగంధ ద్రవ్యాల తోటలు చూపిస్తామనే వాళ్ళకు అక్కడ కమిషను ఉంటుంది. కొనాలనిపిస్తేనే ఆగండి. హోర్టన్ మైదానానికి వెళ్తే గేటు దగ్గరే సంచులు చూసి పాలిథిన్ కవర్లు తీసేస్తారు, బట్ట సంచి తీసుకెళ్ళండి. పొగమంచు కమ్మకముందే, పొద్దున్న తొమ్మిది లోపే కొండ అంచుకు చేరుకోవాలి. బుత్తల నుంచి కతరగమ వెళ్ళే దారిలో ఏనుగులు రోడ్డు మీదికి వస్తాయి. వాటికి పండ్లు పెట్టకూడదు. పెట్టినకొద్దీ అవి వాహనాలను ఆపడం నేర్చుకుంటాయి, ఆఖరికి మనుషులకీ వాటికీ ప్రాణాల మీదికి వస్తుంది.

మనుషులతో మాట్లాడేటప్పుడు ఇంకొంచెం శ్రద్ధ కావాలి. సింహళంలో పలకరింపు ఆయుబోవన్, ధన్యవాదాలకు ఇస్తూతి. ఉత్తరాన, తూర్పున, తేయాకు తోటల్లో తమిళం నడుస్తుంది, అక్కడ వణక్కం, నన్రి. మనకు నాలుగు ముక్కలు తమిళం వచ్చు కదా అని ఎదురైన ప్రతివారితోనూ తమిళంలో మొదలుపెట్టకండి. మీరు తమిళులా, సింహళీయులా అని అడగనే అడగకండి. ఇరవై ఆరేళ్ళ యుద్ధం 2009 మే నెలలో ముగిసింది. ఇంట్లో మనిషి తిరిగి రాని కుటుంబాలు రెండు వైపులా ఉన్నాయి. 2019 ఈస్టర్ రోజున చర్చిల్లో, హోటళ్ళలో బాంబులు పేలాయి. 2022లో పెట్రోలుకు, మందులకు రోజుల తరబడి వరుసల్లో నిలబడ్డారు. ఇవేవీ కాలక్షేపానికి అడిగే కబుర్లు కావు. వాళ్ళు చెప్పాలనుకుంటే చెబుతారు, అప్పుడు మనం వినాలి. ఇన్ని దెబ్బలు తిన్న దేశం యాత్రికులను నవ్వుతూ ఆహ్వానిస్తోంది. మనం ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ అక్కడ ఒక ఇంటికి ఆసరా. అందుకని చిన్న అతిథి గృహాల్లో దిగండి, పల్లె దుకాణంలో కొనండి. పది రూపాయల దగ్గర బేరమాడి వాళ్ళను చిన్నబుచ్చకండి.

ఆ నేలకూ మనకూ ఉన్న బంధం కూడా తెలుసుకుని వెళ్ళాలి. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల కాలంలో మన నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో దాని ప్రస్తావన ఉంది. లంక నుంచి వచ్చిన భిక్షువులకు కృష్ణ ఒడ్డున మనవాళ్ళు నీడనిచ్చారు. 1739 నుంచి 1815 దాకా కాండీని ఏలిన నాయక్కర్ రాజుల మూలాలు మదురైలో స్థిరపడ్డ తెలుగు నాయకుల్లో ఉన్నాయి. వాళ్ళలో కీర్తిశ్రీ రాజసింహుడు బౌద్ధాన్ని నిలబెట్టడానికి సయాము నుంచి భిక్షువులను రప్పించాడు. కాండీ పెరహెర ఊరేగింపులో దంతధాతువుకు ఇప్పుడున్న ముఖ్య స్థానం ఆయన కాలంలోనే వచ్చింది. ఎక్కడి నుంచో వచ్చిన రాజులు ఆ నేల ధర్మాన్ని నెత్తిన పెట్టుకున్నారు కాబట్టే అక్కడివాళ్ళు వాళ్ళను రాజులుగా అంగీకరించారు. మనం నేర్చుకోవాల్సింది వాళ్ళ దగ్గర ఉంది.

ఇంకో సంగతి మీలో చాలామందికి కొత్తగా ఉండవచ్చు. అహికుంటిక అనే ఒక సమాజం శ్రీలంకలో ఉంది. పాములు ఆడించి, చేతి గీతలు చూసి ఊరూరా తిరిగి బతికినవాళ్ళు. ఇప్పుడు అనురాధపురం జిల్లాలో, తూర్పున అక్కరైపట్టు వైపు ఊళ్ళు కట్టుకుని స్థిరపడ్డారు. వాళ్ళ ఇంటి భాష తెలుగు. పిల్లలు సింహళంలోకి, తమిళంలోకి మారిపోతున్నా పెద్దవాళ్ళ నోట తెలుగు ఉంది. వాళ్ళు ఎదురైతే వింత చూసినట్టు ఫొటోలు తీయకండి. కూర్చోబెట్టి తెలుగులో మాట్లాడండి. మీ పెద్దలు ఎట్లున్నారు, పిల్లలు ఏం చదువుతున్నారని అడగండి.

చివరగా అవసరానికి గుర్తుంచుకోవాల్సిన నంబర్లు. కాగితం, కలం తీసుకోండి. పోలీసుకు 119. పర్యాటకుల కోసం ప్రత్యేకంగా ఉన్న పోలీసులకు 1912. అంబులెన్సుకు 1990, అది ఉచితం. ఆ అంబులెన్సు సేవ 2016లో భారతదేశం ఇచ్చిన సాయంతో మొదలైంది. మన 108ను 2005లో మొదలుపెట్టిన హైదరాబాదు సంస్థే దాన్ని అక్కడ నిలబెట్టింది, మొదటి సిబ్బందికి శిక్షణా హైదరాబాదులోనే ఇచ్చారు. మన హైకమిషన్ కార్యాలయం కొలంబోలో ఉంది. కాండీ, జాఫ్నా, హంబన్‌తోటలలో కూడా మన ప్రభుత్వ కార్యాలయాలు ఉన్నాయి. పాస్‌పోర్టు ప్రతులు రెండు వేరు వేరు సంచుల్లో పెట్టుకోండి.

శ్రోతలారా, ఇన్ని చెప్పానని ప్రయాణం కష్టమేమో అనుకోకండి. లంకవాళ్ళు యాత్రికుల మీద కసురుకునే మనుషులు కాదు. తప్పు చేస్తే నొచ్చుకుంటారు తప్ప పైకి అనరు. వాళ్ళు అనరు కాబట్టే మనం ముందే తెలుసుకోవాలి. టికెట్లు తీసుకున్న రోజునే ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి ఈ మూడు చెప్పండి. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు. భిక్షువుల సీట్లో కూర్చోకూడదు. వాళ్ళ రాజునూ వాళ్ళ గాయాన్నీ ఎగతాళి చేయకూడదు. ఈ మూడూ పాటించిన కుటుంబానికి లంకలో ఏ ఇంటి గుమ్మమైనా తెరుచుకుంటుంది. మీ తర్వాత వచ్చే తెలుగువాళ్ళకు కూడా ఆ గుమ్మం తెరిచే ఉంటుంది.

క్షేమంగా వెళ్ళి రండి.